చర్మ కణం ఎవరిది, ఎన్ని విభజనలు చూసింది? ప్రయోగశాల ఫైబ్రోబ్లాస్ట్‌లపై ఒక పరిశీలన

ఫేస్ సీరమ్ సీసాల మీద ‘మానవ చర్మ కణాలపై పరీక్షించినది’ అన్న మాట ఇప్పుడు మామూలైపోయింది. కొత్త మందుల పరీక్షలో జంతువులకు బదులు మనిషి కణాలతో చేసే పద్ధతులను కూడా వాడవచ్చని 2023 మార్చిలో కేంద్రం నిబంధనలు సవరించింది. అరుదైన జన్యు వ్యాధి అనుమానం ఉన్న పిల్లలకు కొన్నిసార్లు డాక్టర్లు ‘స్కిన్ బయాప్సీ తీసి కణాలు పెంచి చూడాలి’ అంటారు. ఈ మూడు సందర్భాల్లోనూ తరచుగా ఎదురయ్యే కణం ఒకటే, చర్మపు ఫైబ్రోబ్లాస్ట్. దాని చుట్టూ అపోహలు కూడా అన్నే ఉన్నాయి. ఇది వేరే రకాల కణాలుగా మారగల మూలకణం, అంటే స్టెమ్ సెల్ అనుకునేవాళ్లు కొందరు. స్కిన్ బ్యాంకులో దొరికేది ఇదే అనుకునేవాళ్లు మరికొందరు.

సంక్షిప్తంగా

ఫైబ్రోబ్లాస్ట్ చర్మం లోపలి పొరలో కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసే మామూలు కణం. శరీరం బయట సులువుగా పెరుగుతుంది, కానీ పరిమితంగానే విభజన చెందుతుంది. తీసిన మనిషి జన్యువులను, వయసును, చర్మం తీసిన చోటును తనతో మోసుకొస్తుంది. వ్యాధుల పరిశోధనలో దాని విలువ ఇక్కడే ఉంది. ప్రకటనల్లో దాని పేరు చెప్పి చేసే వాదనలను జాగ్రత్తగా చదవాల్సింది కూడా ఇందుకే. హైదరాబాద్‌లో పరిశోధన సంస్థలకు, ఆసుపత్రులకు కొదవలేదు. దాతల వివరాలతో, సమ్మతితో సేకరించిన స్థానిక కణాలు ఎన్ని అందుబాటులో ఉంటాయన్నదే ముందున్న అసలు ప్రశ్న.

చర్మంలో దీని పని

చర్మం పై పొర ఎపిడెర్మిస్, దాని కింద ఉండేది డెర్మిస్. చర్మానికి బిగువు, సాగే గుణం, దెబ్బను తట్టుకునే బలం డెర్మిస్ ఇచ్చేవే. ఆ పొరలో కణాల కన్నా కణాల మధ్య ఉండే పదార్థమే ఎక్కువ. కొల్లాజెన్ పీచులు, ఎలాస్టిన్, నీటిని పట్టి ఉంచే హయాలురోనిక్ ఆమ్లం కలిసి ఆ అల్లిక అవుతుంది. దాన్ని తయారుచేసేది, పాతబడిన భాగాలను కరిగించి మళ్లీ అల్లేది ఫైబ్రోబ్లాస్ట్.

గాయం తగిలినప్పుడు దీని స్వభావం మారుతుంది. టీజీఎఫ్-బీటా వంటి సంకేతాలు అందగానే కణం లోపల కండరాల్లో ఉండేలాంటి సంకోచించే ప్రొటీన్లు పేరుకుంటాయి. అలా మారిన కణాన్ని మయోఫైబ్రోబ్లాస్ట్ అంటారు. అది గాయం అంచులను దగ్గరికి లాగుతుంది, కొల్లాజెన్‌ను జోరుగా పోస్తుంది. పని అయ్యాక ఈ కణాలు చాలావరకు చనిపోవాలి. అలా జరగకుండా కొల్లాజెన్ పోస్తూనే ఉంటే మచ్చ గట్టిపడుతుంది. చెవి కుట్టించుకున్న చోట, ఛాతీ మీద, భుజం మీద కొందరికి గాయం హద్దు దాటి పెరిగే కీలాయిడ్ అలాంటిదే. తెల్ల చర్మం వారికన్నా ముదురు రంగు చర్మం ఉన్నవారిలో కీలాయిడ్లు ఎక్కువ. కణాలు ఎవరి నుంచి తీసుకున్నారన్న ప్రశ్నకు దీనితో సంబంధం ఉంది.

ముక్క నుంచి ఫ్లాస్కు దాకా

మత్తు సూది వేసి 3 లేదా 4 మిల్లీమీటర్ల వెడల్పు చర్మపు ముక్క తీస్తే చాలు. ఆపరేషన్లలో తీసేసిన చర్మం కూడా పనికొస్తుంది. పొట్ట, కనురెప్పల ప్లాస్టిక్ సర్జరీలో మిగిలేది, పసిపిల్లల సున్తీలో తొలగించేది అలాంటివే. ‘నియోనేటల్ ఫైబ్రోబ్లాస్ట్’ పేరుతో అమ్మే కణాల్లో చాలావరకు సున్తీ చర్మం నుంచి వచ్చినవే.

ముక్కను సన్నగా కోసి ప్లాస్టిక్ ఫ్లాస్కు అడుగున అంటేలా పెట్టి పోషక ద్రవం పోస్తారు. వారం, రెండు వారాల్లో ముక్క అంచుల నుంచి కదురు ఆకారంలో కణాలు పాకుతూ బయటికి వస్తాయి. ఆగలేనివారు కొల్లాజినేజ్ ఎంజైమ్‌తో అల్లికను కరిగించి కణాలను నేరుగా వేరుచేస్తారు. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల సెల్సియస్ వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండాలి. ఆ వాయువు కణాలు పీల్చుకోవడానికి కాదు. పోషక ద్రవంలోని బైకార్బొనేట్‌తో కలిసి ఆమ్ల, క్షార సమతూకం చెడకుండా చూస్తుంది. ద్రవానికి గులాబీ ఎరుపు రంగు ఇచ్చే సూచిక కలిపి ఉంటుంది. అది పసుపుకు తిరిగితే కణాలు వదిలిన ఆమ్లం ఎక్కువైందని, ద్రవం మార్చే వేళ అయిందని అర్థం.

ఆ ద్రవంలో సాధారణంగా 10 శాతం దాకా దూడ పిండం రక్తం నుంచి తీసిన సీరమ్ కలుపుతారు. ఈ పని మొత్తంలో ఇబ్బందికరమైన భాగం ఇదే. దాని కూర్పు ప్రతి బ్యాచ్‌కీ కొంత మారుతుంది. ఒక బ్యాచ్‌లో చకచకా పెరిగిన కణాలు మరో బ్యాచ్‌లో నెమ్మదించవచ్చు. జంతువులను తప్పించడానికి ఎంచుకున్న పద్ధతే జంతువుల మీద ఆధారపడటం నైతికంగా కూడా చిక్కు ప్రశ్న. సీరమ్ లేని ద్రవాలు మార్కెట్‌లో ఉన్నాయి. ధర మాత్రం ఎక్కువ.

ఫ్లాస్కు నిండాక ట్రిప్సిన్ ఎంజైమ్‌తో కణాలను ఊడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి పంచుతారు. నారుమడిలో ఒత్తుగా పెరిగిన నారును పీకి వెడల్పు మడుల్లో నాటడం లాంటి పని ఇది. అలా ఒకసారి పంచడాన్ని ఒక పాసేజ్‌గా లెక్కిస్తారు. ఇక్కడ తరచూ పొరపాటు జరుగుతుంది. ఒక ఫ్లాస్కును రెండుగా పంచితే, మళ్లీ నిండేసరికి కణాల సంఖ్య ఒకసారి రెట్టింపైనట్టు. నాలుగుగా పంచితే రెండుసార్లు రెట్టింపైనట్టు. రెండు ల్యాబుల్లోనూ కాగితం మీద ‘ఐదో పాసేజ్’ అనే ఉంటుంది, కణాల అసలు వయసు మాత్రం వేరువేరు. రెట్టింపుల లెక్క కూడా రాసిపెట్టే ల్యాబు ఫలితాలను ఎక్కువ నమ్మవచ్చు.

వాడగా మిగిలిన కణాలను, గడ్డకట్టేటప్పుడు వాటిని కాపాడే డీఎంఎస్ఓ 10 శాతం కలిపిన ద్రవంలో నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి ద్రవ నైట్రోజన్‌లో పెడతారు. దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. గడ్డకట్టించడం నెమ్మదిగా చేయాలి, కరిగించడం వేగంగా చేయాలి. కణం లోపల మంచు పలుకులు ఏర్పడితే పొర చిరిగిపోతుంది.

అన్నిటికన్నా కష్టం పెట్టేది మైకోప్లాస్మా. ఇది అతి చిన్న బ్యాక్టీరియా. మామూలు బ్యాక్టీరియా చేరితే ద్రవం మసకబారి బయటపడుతుంది. మైకోప్లాస్మా చేరినా ద్రవం తేటగానే ఉంటుంది, మామూలు మైక్రోస్కోపులో కనబడదు. దానికి కణ గోడ లేదు కాబట్టి, ఆ గోడ మీదే పనిచేసే పెన్సిలిన్‌కు లొంగదు. కణాలు బతికే ఉంటాయి, కానీ వాటి ప్రవర్తన మారిపోతుంది. నెలల తరబడి చేసిన ప్రయోగాలు పనికిరాకుండా పోతాయి. ప్రత్యేక పరీక్ష తరచూ చేయించుకోవడం తప్ప దీనికి మరో దారి లేదు.

పరిమితమైన ఆయుష్షు

శరీరం నుంచి తీసిన కణాలు సరైన పోషణ దొరికితే ఎన్నటికీ చావవని 20వ శతాబ్దం మొదటి సగంలో నమ్మేవారు. కోడి పిండం గుండె నుంచి తీసిన కణాలను ఏళ్ల తరబడి బతికించానని చెప్పిన అలెక్సిస్ కారెల్ ఆ నమ్మకానికి ముఖ్య కారణం. 1961లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ దాన్ని తిరగరాశారు. మనిషి ఫైబ్రోబ్లాస్ట్‌లు సుమారు 50 సార్లు రెట్టింపయ్యాక ఆగిపోతాయని చూపించారు. గడ్డకట్టించి మధ్యలో ఆపినా, కరిగించాక కణాలు తాము ఎక్కడ ఆగాయో అక్కడి నుంచే మిగతా లెక్క పూర్తిచేశాయి.

క్రోమోజోముల చివర ఉండే టెలోమియర్లు విభజన జరిగిన ప్రతిసారీ కొంత పొట్టి కావడమే దీనికి కారణమని తరువాత తేలింది. టెలోమియర్ల మీద పనికి ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, క్యారల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ వచ్చింది. టెలోమియర్లను పొడిగించే టెలోమరేజ్ ఎంజైమ్‌ను చర్మపు ఫైబ్రోబ్లాస్ట్‌లలో పనిచేసేలా చేస్తే ఆ కణాలు విభజనల హద్దు దాటిపోతాయని 1998లో రుజువైంది.

విభజన ఆగిన కణం ఊరికే కూర్చోదు. వాపును పెంచే పదార్థాలను, కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైములను వదులుతుంది. ఎక్కువ పాసేజ్‌లు దాటిన కణాలతో చేసిన ప్రయోగానికీ, మొదటి పాసేజ్‌ల కణాలతో చేసిన ప్రయోగానికీ ఫలితాలు కలవకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. హీలా కణాలతో పోలిస్తే తేడా బాగా తెలుస్తుంది. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా ల్యాక్స్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసిన ఆ కణాలు ఇప్పటికీ ఆగకుండా పెరుగుతున్నాయి. చవక, మొండివి. అయితే క్రోమోజోముల సంఖ్యే మారిపోయిన క్యాన్సర్ కణాలవి. ఆరోగ్యవంతుల చర్మం ఎలా స్పందిస్తుందో వాటిని అడిగి లాభం లేదు. ఆయుష్షు తక్కువైనా ఫైబ్రోబ్లాస్ట్‌ది మామూలు మనిషి జన్యు సముదాయం.

వ్యాధుల గుట్టు విప్పిన కణం

రోగి కాలేయం ముక్కనో మెదడు ముక్కనో పదేపదే తీయలేం. చర్మపు ముక్క తీయగలం. శరీరంలోని దాదాపు అన్ని కణాల్లోనూ జన్యువులు ఒకటే కాబట్టి ఎక్కడో ఉన్న లోపం చర్మ కణంలోనూ చాలాసార్లు కనిపిస్తుంది. గత శతాబ్దపు వైద్యంలో కొన్ని పెద్ద మలుపులు ఈ సదుపాయం వల్లే వచ్చాయి.

అమెరికాలోని డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970లలో పుట్టుకతో విపరీతమైన కొలెస్ట్రాల్ ఉన్న రోగుల చర్మపు ఫైబ్రోబ్లాస్ట్‌లను ఆరోగ్యవంతుల కణాలతో పోల్చారు. ఆరోగ్యవంతుల కణాలకు, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ అందిస్తే అవి సొంతంగా కొలెస్ట్రాల్ చేసుకోవడం తగ్గించాయి. రోగుల కణాలు తగ్గించలేదు. ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగే గ్రాహకం వాటిలో లేకపోవడమో, చెడిపోవడమో కారణం. కొలెస్ట్రాల్ తగ్గించడానికి వాడే, ఇవాళ ఇంటింటా వినబడే స్టాటిన్ మాత్రలు ఎలా పనిచేస్తాయన్నది ఆ అవగాహన వల్లే స్పష్టమైంది. వాళ్లిద్దరికీ 1985లో నోబెల్ దక్కింది.

1968లో ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం హర్లర్, హంటర్ అనే రెండు వేర్వేరు ఎంజైమ్ లోపాలున్న రోగుల ఫైబ్రోబ్లాస్ట్‌లను ఒకే పాత్రలో కలిపి పెంచింది. విడిగా ఉన్నప్పుడు రెండింటిలోనూ చెత్త పేరుకునేది. కలిపితే తగ్గింది. ఒక కణం వదిలిన ఎంజైమ్‌ను మరో కణం తీసుకుని వాడుకోగలదని దీంతో తెలిసింది. బయటి నుంచి ఎంజైమ్ ఎక్కించే చికిత్సకు ఇది పునాది. హర్లర్ వ్యాధికి అలాంటి మందు 2003లో అనుమతి పొందింది. అదే 1968లో జేమ్స్ క్లీవర్, ఎండ పడితే చర్మ క్యాన్సర్లు వచ్చే జెరోడెర్మా పిగ్మెంటోసమ్ రోగుల ఫైబ్రోబ్లాస్ట్‌లలో డీఎన్‌ఏ మరమ్మతు లోపాన్ని చూపించారు.

ఈ ఉదాహరణలు తెలుగువారికి దూరమైనవి కావు. మేనమామను, మేనత్త కొడుకును చేసుకునే మేనరికాలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు రెండూ చేరితేనే వచ్చే వ్యాధులకు అలాంటి కుటుంబాల్లో అవకాశం పెరుగుతుంది. హర్లర్, జెరోడెర్మా రెండూ ఆ కోవవే. హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి మెడికల్ జెనెటిక్స్ విభాగం ఇలాంటి వ్యాధుల నిర్ధారణలో పనిచేస్తున్నాయి. జన్యు పరీక్షలో కనబడిన మార్పు హానికరమా కాదా అన్నది కొన్నిసార్లు తేలదు. అప్పుడు చర్మ కణాలను పెంచి ఎంజైమ్ నిజంగా పనిచేస్తోందా అని కొలవడం అక్కరకొస్తుంది. నీమన్-పిక్ సి వ్యాధిలో కొలెస్ట్రాల్ కణం లోపల ఇరుక్కుపోవడాన్ని ఫైబ్రోబ్లాస్ట్‌లకు రంగు వేసి చూడటం చాలాకాలం నిర్ధారణలో కీలకంగా ఉంది. బిడ్డకు బయాప్సీ అనగానే తల్లిదండ్రులకు టెన్షన్ సహజమే. చిన్న గాయం, కొద్ది రోజుల్లో మానేదే.

చిన్న వయసులోనే ముసలితనం తెచ్చే ప్రొజీరియా మరో ఉదాహరణ. లామిన్-ఎ జన్యువులో మార్పు దీనికి కారణమని 2003లో తేలింది. రోగుల ఫైబ్రోబ్లాస్ట్‌లలో కణ కేంద్రకం గుండ్రంగా ఉండదు, ముడతలు, బొడిపెలతో వికృతంగా కనిపిస్తుంది. కేంద్రకం ఆకారాన్ని నిలబెట్టే లామిన్‌ల మీద హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో వీణా పర్నాయక్ దీర్ఘకాలం పరిశోధన చేశారు.

స్టెమ్ సెల్ కాదు, అయితే అందులోకి మార్చవచ్చు

క్యోటోలో షిన్యా యమనాకా బృందం 2007లో 36 ఏళ్ల మహిళ ముఖ చర్మం నుంచి వచ్చిన ఫైబ్రోబ్లాస్ట్‌లలోకి నాలుగు జన్యువులను పంపి, వాటిని పిండ దశ కణాల స్వభావంలోకి తిప్పింది. 2012 నోబెల్ జాన్ గుర్డన్‌తో కలిపి యమనాకాకు వచ్చింది. 2014లో జపాన్‌లో ఒక వృద్ధురాలి చర్మ కణాలను ఈ దారిలో రెటీనా కణాలుగా మార్చి ఆమె కంట్లోనే అమర్చారు. ఇదంతా ప్రత్యేక ప్రక్రియ. మామూలు ఫైబ్రోబ్లాస్ట్ దానంతట అది నరాల కణమో గుండె కణమో కాదు. రక్త సంబంధ వ్యాధుల్లో ఆమోదం పొందిన వాడకాలు మినహా స్టెమ్ సెల్ చికిత్సలను ట్రయల్స్ బయట డబ్బు తీసుకుని చేయడం సరికాదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. క్లినిక్‌లో ఎవరైనా ‘మీ చర్మ కణాలతో స్టెమ్ సెల్ థెరపీ’ అంటే ముందుగా అడగాల్సింది ట్రయల్ రిజిస్ట్రేషన్ గురించే.

‘కొల్లాజెన్ పెంచింది’ అన్న మాటను ఎలా చదవాలి

సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. అది మంచి నిర్ణయం. ఆ తర్వాత కణ పరీక్షల ప్రాధాన్యం పెరిగింది, వాటి పేరుతో చేసే ప్రచారమూ పెరిగింది. ఫైబ్రోబ్లాస్ట్ ఫ్లాస్కులో ఒక పదార్థం వేస్తే కొల్లాజెన్ పెరిగిందన్నది నిజమే కావచ్చు. దాని నుంచి ముఖం మీద ముడతలు పోతాయన్న నిర్ణయానికి రావడానికి కనీసం మూడు అడ్డంకులు దాటాలి.

మొదటిది, చేరడం. ఫ్లాస్కులో పదార్థం కణానికి నేరుగా తగులుతుంది. ముఖం మీద పూసినది ఎపిడెర్మిస్ పైన ఉన్న గట్టి పొరను దాటి డెర్మిస్‌కు చేరాలి. సుమారు 500 డాల్టన్ల కన్నా పెద్ద అణువులు ఆరోగ్యవంతమైన చర్మం గుండా పోవడం కష్టమన్నది చర్మ వైద్యంలో వాడుకలో ఉన్న లెక్క. కొల్లాజెన్ అణువు బరువు దాదాపు 3 లక్షల డాల్టన్లు.

రెండోది, పోలిక. ఎక్కువగా వాడే డీఎంఈఎం పోషక ద్రవంలో విటమిన్-సి ఉండదు. కొల్లాజెన్ సరిగా అల్లుకోవాలంటే ఆ విటమిన్ తప్పనిసరి. అంటే ఫ్లాస్కులోని కణాలు ముందు నుంచే విటమిన్ లోటులో ఉన్నాయి. వాటికి విటమిన్-సి ఉన్న ఏ ఫేస్ సీరమ్ ఇచ్చినా కొల్లాజెన్ పెరుగుతుంది. రోజూ భోజనం చేస్తూ, జామకాయో ఉసిరికాయో తినే మనిషి చర్మంలో అదే స్థాయి తేడా ఆశించలేం. పరీక్షలో ‘కంట్రోల్’ కణాలకు ఏమిచ్చారన్నది చెప్పకపోతే శాతాలకు అర్థం లేదు.

మూడోది, ప్లాస్టిక్. చర్మం మెత్తన, ఫ్లాస్కు అడుగు దానికన్నా ఎన్నో వేల రెట్లు గట్టి. ఫైబ్రోబ్లాస్ట్ తన కింది గట్టిదనాన్ని పసిగట్టగలదు. గట్టి చోట పెడితే గాయంలో ఉన్నట్టు మయోఫైబ్రోబ్లాస్ట్ వైపు మొగ్గుతుంది. మామూలు చర్మంలో లేని తొందర ఫ్లాస్కులో కనిపిస్తుంది. అందుకే కొల్లాజెన్ జెల్‌లో కణాలను పెంచడం, పైన ఎపిడెర్మిస్ కణాలైన కెరటినోసైట్ల పొర వేసి పూర్తి చర్మం నమూనా కట్టడం వంటి పద్ధతులు వచ్చాయి. ఇలా రెండు పొరలతో చేసిన యాప్లిగ్రాఫ్ అనే ఉత్పత్తికి మానని కాలి పుండ్ల చికిత్స కోసం 1998లో అమెరికా అనుమతి ఇచ్చింది.

బ్యూటీ క్లినిక్కుల్లో ‘ఫైబ్రోబ్లాస్ట్ ట్రీట్‌మెంట్’ పేరుతో చేసే ప్లాస్మా పెన్ పద్ధతి వేరు. అందులో కణాలేవీ ఎక్కించరు, చర్మం మీద చిన్న చిన్న కాలిన మచ్చలు చేస్తారు. ముదురు రంగు చర్మం మీద అవి నల్ల మచ్చలుగా మిగిలే ప్రమాదం ఉంది.

హైదరాబాద్‌కు కణాలు ఎక్కడి నుంచి

విదేశీ కంపెనీల కేటలాగుల్లో ఈ కణాలు చిన్న గొట్టాల్లో దొరుకుతాయి. డ్రై ఐస్‌లోనో ద్రవ నైట్రోజన్ ఆవిరిలోనో విమానంలో వస్తాయి. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది, రోజురోజుకూ ఆవిరైపోతుంది. మే నెలలో శంషాబాద్‌లో కస్టమ్స్ కాగితాలు ఆలస్యమైతే పెట్టె తెరిచేసరికి బతికున్న కణాలు తగ్గిపోతాయి. దేశంలో పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం (ఎన్‌సీసీఎస్) కణ భాండాగారం పరిశోధకులకు కణాలు సరఫరా చేస్తుంది. అయినా దాత వయసు, లింగం, శరీరంలో చోటు తెలిసిన రకరకాల భారతీయ ఫైబ్రోబ్లాస్ట్‌లు కావాలంటే తరచూ ల్యాబులే ఆసుపత్రితో ఒప్పందం చేసుకుని సొంతంగా పెంచుకోవాలి.

చోటు ఎందుకు ముఖ్యమంటే, ఫైబ్రోబ్లాస్ట్ శరీరంలో తానున్న స్థానాన్ని మరచిపోదు. శరీరంలో ఏ భాగం ఎక్కడ ఏర్పడాలో నిర్దేశించే హాక్స్ జన్యువుల్లో ఏవి పనిచేస్తున్నాయో చూసి అది అరికాలి కణమా, ఛాతీ కణమా అని చెప్పవచ్చు. ఫ్లాస్కులో ఎన్ని పాసేజ్‌లు గడిచినా ఆ గుర్తు చాలావరకు నిలుస్తుంది. పసిపిల్లల సున్తీ చర్మంపై చేసిన ప్రయోగాన్ని యాభై ఏళ్ల మనిషి ముఖానికి అన్వయించడంలో ఉన్న చిక్కు ఇదే.

ఉస్మానియా ఆసుపత్రిలో స్కిన్ బ్యాంక్ ఉంది కదా, అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. స్కిన్ బ్యాంకుల పని వేరు. మరణించిన దాతల నుంచి కొద్ది గంటల్లో సేకరించిన చర్మాన్ని సాధారణంగా చిక్కటి గ్లిసరాల్‌లో భద్రపరిచి, కాలిన గాయాల వారికి తాత్కాలిక కప్పుగా వేస్తారు. గ్లిసరాల్‌లో కణాలు బతకవు. ప్రాణాలు కాపాడటానికి ఆ చర్మం చాలు, కణాలు పెంచడానికి పనికిరాదు.

బతికున్న కణాలు కావాలంటే ఆపరేషన్ గది నుంచి ల్యాబుకు చల్లని ద్రవంలో త్వరగా చేరాలి. అంతకన్నా ముందు దాత సమ్మతి కావాలి. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. పేరు, గుర్తులు పూర్తిగా తీసేసిన మిగులు నమూనాల విషయంలో కమిటీ సమ్మతి నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. చట్టరీత్యా సరిపోయినా, అడిగి తీసుకోవడమే సరైన పద్ధతి. ల్యాక్స్ కుటుంబానికి, ఆమె కణాలతో లాభపడిన కంపెనీకి మధ్య రాజీ కుదిరింది 2023లో, ఆమె మరణించిన దాదాపు 72 ఏళ్లకు. ఆపరేషన్ ముందు ఆందోళనలో ఉన్న రోగి చేత ఇంగ్లిష్ ఫారం మీద సంతకం పెట్టించడం సమ్మతి అనిపించుకోదు. ఈ చర్మం నుంచి కణాలు పెంచుతాం, అవి ఏళ్ల తరబడి ఉంటాయి, కంపెనీలకు కూడా వెళ్లవచ్చు, జన్యువులు చదువుతాం అన్న నాలుగు విషయాలు తెలుగులోనో ఉర్దూలోనో చెప్పాలి.

నిబంధనల మార్పు ప్రభావం

అమెరికా 2022 డిసెంబర్‌లో కొత్త మందుల జంతు పరీక్షలపై పాత చట్టపు షరతును సడలించింది. మన దేశపు 2023 సవరణ దాని వెంటే వచ్చింది. ఈ దిశలో పనికి సీసీఎంబీ ఇంక్యుబేషన్ సెంటర్‌లో మనిషి కణాలతో కట్టే పరీక్షా నమూనాల (మోడళ్ల) కోసం ప్రత్యేక కేంద్రం ఉంది. జీనోమ్ వ్యాలీ కంపెనీలకు, కాంట్రాక్ట్ పరిశోధన సంస్థలకు కణాల గిరాకీ పెరుగుతుందని ఊహించడం కష్టం కాదు. జంతు పరీక్షలు ఒక్కసారిగా ఆగిపోవు. ఒక మందు కాలేయంలో ఏ రూపం దాలుస్తుంది, మూత్రపిండాలను ఏం చేస్తుంది అన్నది ఒక్క ఫైబ్రోబ్లాస్ట్ చెప్పలేదు. చర్మానికి పూసే మందులు, గాయాల డ్రెస్సింగ్‌లు, ఇంప్లాంట్ పదార్థాల విష ప్రభావ పరీక్షల్లో మాత్రం మార్పు ముందుగా కనిపించవచ్చు.

గిరాకీ పెరిగినప్పుడు ల్యాబులు చౌకగా దొరికే ఒకే దాత కణాలతో సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. ఒక దాత ఫ్లాస్కులో మూడుసార్లు చేసిన పరీక్ష ముగ్గురు మనుషుల మీద చేసినట్టు కాదు, ఒకే మనిషిని మూడుసార్లు అడిగినట్టు. వేర్వేరు వయసుల దాతలు కనీసం కొందరైనా ఉండాలని, పాసేజ్‌తో పాటు రెట్టింపుల సంఖ్య, డీఎన్‌ఏ గుర్తింపు, మైకోప్లాస్మా పరీక్ష ఫలితం నివేదికలో చూపాలని నియంత్రణ సంస్థలు, పత్రికలు అడిగితే నాణ్యత పెరుగుతుంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి, ఒక పరిశోధన సంస్థ కలిసి సమ్మతితో చిన్న ఫైబ్రోబ్లాస్ట్ నిల్వ మొదలుపెట్టడానికి కావాల్సిన పరికరాలు, నైపుణ్యం నగరంలో ఇప్పటికే ఉన్నాయి. అలాంటి నిల్వ వల్ల ముందుగా మేలు జరిగేది ఎంజైమ్ లోపాలతో పుట్టిన పిల్లల కుటుంబాలకు, ఆ తర్వాత కీలాయిడ్‌తో బాధపడేవారికి.